పరదేశమునుండి వచ్చిన కోడలు

చరిత్రమనగా పట్టాభిషేకములును, యుద్ధములును, సంధులును మాత్రమే యని మన పాఠ్యగ్రంథములు చిరకాలము నేర్పినవి. ఏ యుద్ధమున నెవరు గెలిచిరో, ఎవ రోడిరో మనకు కంఠస్థము. కాని యా యుద్ధము సాగుచున్నపు డుయ్యాలలో నున్న పసిబిడ్డ యేమయ్యెను? సంధిపత్రముపై చేవ్రాళ్లు పడిన పిమ్మట ఆ బిడ్డ యే దేశమునకు బోయెను? ఎవరి యింట కోడలయ్యెను? ఎట్లు బ్రదికెను? ఈ ప్రశ్నల నడుగు చరిత్రకారు లరుదు. యుద్ధము ముగిసిన తేదీ గ్రంథములలో నుండును. అది బిడ్డల బ్రదుకులలో ముగిసిన తేదీ మాత్ర మెందును గానరాదు. అట్టి యొక బిడ్డ చరిత్రమును నేడు పాఠకుల ముందుంచ దలచితిమి.

మా నందికొట్కూరు ప్రాంతమున బిడ్డకు ప్రాణముమీదికి వచ్చినపుడు తల్లిదండ్రులు కర్నూలు పెద్దాసుపత్రికి పరుగెత్తుదురు. అచ్చటను గుణము గానరానిచో తుంగభద్ర దాటి హైదరాబాదు దారి పట్టువారును గలరు. ‘నీలోఫరు’ అను పేరు చదువురాని యవ్వలు సైతము విన్నదే. అది యొక ఆసుపత్రి పేరని యెఱిగినవారు పెక్కుమంది. అది యొక స్త్రీ పేరని యెఱిగినవారు కొందఱు. ఆమె మన దేశమున బుట్టినది కాదనియు, మహాయుద్ధము నడుమ గన్ను దెఱచి, ఎనిమిదవ యేట స్వదేశమునుండి వెడలగొట్టబడి, పదునైదవ యేట హైదరాబాదు కోడలైనదనియు నెఱిగినవా రింకను దక్కువ.

ఆమె 1916 జనవరి 4వ తేదీన ఇస్తాంబుల్ నగరమున గోజ్‌తెపె యను భవనమున జనించెను. తల్లి ఆదిలె సుల్తాన్, ఉస్మానీయ చక్రవర్తియగు అయిదవ మురాదునకు మనుమరాలు. ఈ మురాదు చరిత్రమే యొక విషాదగాథ. 1876లో మూడు మాసములు సింహాసన మెక్కి, మతి చలించినదను కారణమున దింపబడి, 1904లో మరణించువఱకు సముద్రతీరమందలి చిరాగాన్ ప్రాసాదమున కుటుంబముతోగూడ బందీయై యుండెను. ఆదిలె సుల్తాను 1887లో ఆ బందీల కుటుంబముననే పుట్టినది. పాలరాతి గోడలైన నేమి, మట్టిగోడలైన నేమి, వాకిట కావలివాడున్నచో నది చెఱసాలయే గదా! చెఱలో బుట్టిన తల్లికి యుద్ధములో బుట్టిన కూతురు నీలోఫరు.

ఈ పేరును గూర్చి యొక్క మాట. ‘నీలూఫర్’ అనగా పారసీకమున కలువ. ఇది మన సంస్కృత ‘నీలోత్పల’ శబ్దమునుండియే పుట్టినదని శబ్దవేత్తలు చెప్పుదురు. మన కొలనిలోని పేరు పారసీకమునకు బోయి, అచ్చటినుండి తురుష్కుల నోట బడి, తుదకొక బాలికతో మరల మన దేశమునకే వచ్చినది! మాటలకు వలసలు సులభములు. సరిహద్దున వానిని నిలిపి పత్రము లడుగువా రుండరు. మనుష్యుల వలస లట్టివి కావు.

ఆమె పుట్టిన యయిదు దినములలోపలనే గల్లిపోలి తీరమునుండి ఆంగ్లేయ సేనల కడపటి దళములు వెడలిపోయినవి. ఇస్తాంబుల్ నగరమునకు తక్షణాపాయము తప్పెను. కాని యుద్ధము తప్పలేదు. మఱి మూడేండ్లకు దగ్గరగా నా నగరము రొట్టెకై వరుసలు దీరి నిలిచెను. ధరలు పదిరెట్లకు మించి పెరిగినవి. 1918లో ఘోరమైన యగ్నిప్రమాదమున వేలకొలది యిండ్లు బూడిదయ్యెను. ఆ యేడే విషజ్వరము లోకమును జుట్టివచ్చెను. రాచబిడ్డకు రొట్టెకఱవు రాకపోవచ్చును. కాని యా 1918లోనే యామె తండ్రి సలాహుద్దీన్ అలీ బే గతించెను. బిడ్డకు మూడేండ్లైనను నిండలేదు. తండ్రి ముఖము జ్ఞాపక ముండని వయసది.

1918 అక్టోబరు 30వ తేదీన ముద్రోసు సంధి జరిగెను. నవంబరు 13వ తేదీన శత్రునౌకలు వచ్చి నగరము ముందర లంగరు వేసెను. 1920 మార్చిలో నగరము పూర్తిగా పరసేనల యధీనమయ్యెను. ఆ యేడే రష్యా దేశపు అంతఃకలహములో నోడిన దళములును, వారి యాలుబిడ్డలును లక్షకు మించి యోడలలో వచ్చి యదే రేవున దిగిరి. నీలోఫరు బాల్యమంతయు ఇట్టి నగరములో గడచెను. ఒక వంక పరదేశపు సిపాయిలు, ఒక వంక దిక్కులేని శరణార్థులు, నడుమ కూలిపోవుచున్న సామ్రాజ్యము. శరణార్థులను కిటికీనుండి చూచిన బిడ్డయే కొలది యేండ్లలో శరణార్థి కావలసియుండెను.

అనంతరచరిత్రము పాఠకు లెఱిగినదే. ముస్తాఫా కెమాలుపాషా నాయకత్వమున తురుష్కులు స్వదేశమును విడిపించుకొనిరి. 1922 నవంబరు 1వ తేదీన సుల్తానుపదవి రద్దయ్యెను. 1923 అక్టోబరు 29వ తేదీన ప్రజాప్రభుత్వ మేర్పడెను. 1924 మార్చి 3వ తేదీన ఖిలాఫతు సైతము తొలగింపబడి, ఉస్మానీయ వంశీయు లెల్లరు దేశము విడువవలెనని శాసనమయ్యెను. కడపటి ఖలీఫాయగు అబ్దుల్ మజీదును ఆ రాత్రి తెల్లవాఱకమున్నే కారులో నగరము దాటించి రైలెక్కించిరి. ఆయనతో పదేండ్ల కుమార్తె దుఱ్ఱుషెహ్వారు గలదు. స్త్రీలకును బిడ్డలకును వారము పదిదినములు గడువిచ్చిరి. ఎనిమిదేండ్ల నీలోఫరు తల్లి చేయి పట్టుకొని వెడలెను.

ఇందు మేము రెండు న్యాయములను చూచుచున్నాము. ప్రజలు తమ దేశమును తా మేలుకొనుట న్యాయము. దానిని కాదనుట మా యుద్దేశము కాదు. రాజవంశము నిలిచియున్నచో కుట్రలకు దావగునని యా ప్రభుత్వము భయపడుటయు సహజమే. కాని యెనిమిదేండ్ల యాడుబిడ్డ యేమి కుట్ర చేయును? వంశము చేసిన పాపమునకు బిడ్డను వెడలగొట్టుట, వంశము చేసిన పుణ్యమునకు బిడ్డను సింహాసన మెక్కించుటవంటిదే. రెండును జన్మను జూచి మనుష్యుని దూచుటయే. ఈ విషయమున ప్రజాప్రభుత్వమును తాను కూల్చిన రాచరికపు సూత్రమునే పాటించినది. మనదేశమున కులమును జూచి మనుష్యుని దూచు మనము, పరుల తప్పును జూచునపుడు మన త్రాసును గూడ జ్ఞప్తికి దెచ్చుకొనుట మంచిది.

తల్లియు గూతురును ఫ్రాంసు దేశపు దక్షిణతీరమున నీస్ పట్టణమున నిలిచిరి. ఖలీఫాయు నచ్చటనే చేరెను. ఆ వంశీయులకు స్వదేశమున పౌరత్వము పోయెను, ఆస్తులు పోయెను. ఖలీఫాకు నెలకు మూడువందల పౌనుల భరణము పంపినవాడు హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను. 1919 మొదలు మనదేశమున హిందువులును ముసల్మానులును జేరి ఖిలాఫతుకొఱకు సభలు చేసిరి, చెఱసాలలకు బోయిరి. ఎవరి పదవికొఱకు ఇంత యలజడి జరిగెనో, ఆ ఖలీఫా యిపుడు సముద్రపుటొడ్డున చిత్రములు వ్రాయుచు దినములు గడపుచుండెను.

ఖిలాఫతు నాయకులలో నొకడగు మౌలానా షౌకతలీ రాయబారమున నిజాము కుమారులకును ఈ పరవాసపు రాచకన్యలకును సంబంధములు కుదిరెను. 1931 నవంబరు 12వ తేదీన నీస్ పట్టణమున ఖలీఫా సమక్షమున రెండు వివాహము లొక్కనాడే జరిగెను. యువరాజు ఆజంజాహునకు దుఱ్ఱుషెహ్వారు. రెండవ కుమారుడు మొఅజ్జంజాహునకు నీలోఫరు. వరునకు ఇరువదిమూడేండ్లు, వధువునకు పదునైదు. మనదేశమున శారదా శాసనము 1929లో పుట్టి, బాలికల వివాహమునకు పదునాలుగేండ్ల పరిమితి నేర్పఱచినది. ఆ లెక్కకు ఈ వివాహము శాస్త్రీయమే. కాని తండ్రి లేక, దేశము లేక, పెద్దల ధర్మముమీద బ్రదుకు నొక బాలికకు, సముద్రములకావలి సంపన్నుని సంబంధము వచ్చినపుడు ‘వల్ల’ననుట యెట్లు సాధ్యము? దరిద్రుల యిండ్లలో కట్నమునకు జంకి, రాచయిండ్లలో వంశప్రతిష్ఠకు జంకి ఆడుబిడ్డ తల వంచుచున్నది. జంకు మారుచున్నది గాని తల వంచుట మారుట లేదు.

డిసెంబరు 12వ తేదీన నూతన దంపతులు వెనీసు రేవున ‘పిల్స్‌నా’ యను నోడ నెక్కిరి. ఆ యోడలోనే రెండు దినముల తరువాత బ్రిండిసి రేవున గాంధిమహాత్ము డెక్కెను; లండనునందు జరిగిన రెండవ రౌండుటేబిలు సభనుండి రిక్తహస్తములతో మఱలుచుండెను. ఒకే యోడలో సింహాసనము కోల్పోయిన వంశపు బాలికలు, ప్రపంచమున నెల్లరికంటె నెక్కుడు ధనవంతుడని పేరుపడిన వాని కుమారులు, కొల్లాయి గట్టిన ఫకీరు! డిసెంబరు 28వ తేదీన గాంధి బొంబాయిలో దిగెను. జనవరి 4వ తేదీన చెఱసాల జేరెను. అది నీలోఫరునకు పదునాఱేండ్లు నిండిన దినము.

ఆమె వచ్చునప్పటికి హైదరాబాదు రాజ్యమున స్త్రీల స్థితి యెట్లుండెను? ముస్లిము కుటుంబములందును, వారి నడవడిని గౌరవచిహ్నముగా గైకొన్న హిందూ దొరల యిండ్లయందును ఘోషా పాతుకొనియుండెను. అయినను మార్పునకు విత్తులు పడియున్నవి. 1928లో మాడపాటి హనుమంతరావుగారు తెలుగు బాలికలకొఱకు నారాయణగూడలో పాఠశాలను స్థాపించిరి. 1930లో జోగిపేట ఆంధ్రమహాసభతోపాటు నడింపల్లి సుందరమ్మగారి యధ్యక్షతను మహిళాసభయు జరిగెను. సుగ్రా హుమాయూన్ మీర్జాగారు ఘోషాను విడిచి స్త్రీవిద్యకై పాటుపడుచుండిరి. ఇట్టి సమయమున నీ యిరువురు రాచకోడండ్రును ముసుగు లేక సభలకు వచ్చుట, చీర గట్టి నలుగురిలో మెలగుట చిన్న విషయము గాదు. సామాన్యులు చేసిన సంస్కరణమును వెలివేయు పెద్దలు, రాచకోడలు చేసినచో తల యూపుదురు. ఇది సంఘముయొక్క బలహీనతయే. కాని యా బలహీనతను మంచికి వినియోగించుకొనుటయు నొక నేర్పే.

దుఱ్ఱుషెహ్వారుగారు పాండిత్యమునకును, గాంభీర్యమునకును పేరుపొందిరి. పురానీ హవేలిలో ఆమె పేర వెలసిన పిల్లల యాసుపత్రి నేటికిని గలదు. నీలోఫరును గూర్చి లోకము చెప్పుకొనినది వేఱు. ఆమె సౌందర్యము, ఆమె జరీచీరలు, పత్రికలలో ఆమె ఛాయాచిత్రములు: దీనితో నిండిపోయినది ఆమె కీర్తి. భర్త మొఅజ్జంజాహు కవి. నగరాభివృద్ధి సంఘమునకు పెద్ద. 1935లో కట్టిన మొఅజ్జంజాహీ మార్కెట్టున కాయన పేరే నిలిచినది. కాపురము హిల్‌ఫోర్టు భవనమున. వెలుపలినుండి చూచువారి కింతకంటె నేమి కావలెను?

కాని యామెకు సంతానము కలుగలేదు. ఏండ్లు గడచినకొలది ఆ కొఱత యామె కాపురముపై నీడవలె బరచుకొనెను. గొడ్రాలను మాట మన పల్లెటూళ్ల నుయ్యివద్ద నెంత నిర్దయగా బలుకుదురో మన మెఱుగుదుము. రాజాంతఃపురములందు దానిని మెల్లగా బలుకుదురు, అంతే భేదము. 1948లో మొఅజ్జంజాహు మఱియొక భార్యను గైకొనెను. 1952లో నీలోఫరు వివాహబంధము తెగిపోయెను. చిత్ర మేమన, ఆ 1952లోనే తురుష్క ప్రభుత్వము ఉస్మానీయ వంశపు స్త్రీలకు స్వదేశమునకు రావచ్చునని యనుమతించెను. ఒక యిల్లు మూసికొనిన యేడే, ఇరువదియెనిమిదేండ్ల క్రిందట మూసిన యిల్లు తలుపు దెఱచినది. ఆమె మాత్రము ఫ్రాంసుననే స్థిరపడెను.

ఈ కథ యిచ్చటనే ముగిసినచో, అది రాచకుటుంబముల విషాదములలో నొకటిగా మిగిలియుండెడిది. దానిని చరిత్రముగా మార్చిన సంఘటన వేఱు. రెండవ మహాయుద్ధ కాలమున నీలోఫరు రోగులకు పరిచర్య చేయుటలో శిక్షణ పొంది, సహాయకార్యములందు బాల్గొనెను. తొలి యుద్ధమున పుట్టిన బిడ్డ మలియుద్ధమున దాదియయ్యెను. 1949లో ఆమె యొద్ద పరిచారికగా నుండిన రఫతున్నీసా బేగము ప్రసవమున మరణించెను. తగిన వైద్యము సకాలమున నందలేదు. ఇట్టి చావు మఱియొకతెకు రారాదని నీలోఫరు సంకల్పించి, స్త్రీలకును శిశువులకును ప్రత్యేకముగా నొక యాసుపత్రి కావలెనని మామగారిని గోరెను. ఆ కోరికకు ఫలమే 1953లో రెడ్ హిల్సున దెఱవబడిన నీలోఫర్ ఆసుపత్రి.

ఇచ్చట పాఠకు లొక్క క్షణ మాగవలెను. అప్పటికి హైదరాబాదున ఆసుపత్రులు లేకపోలేదు. మూసీనది యొడ్డున విక్టోరియా జెనానా ఆసుపత్రి, దాని కెదుట ఉస్మానియా ఆసుపత్రి యుండెను. కాని ఆసుపత్రి యుండుట వేఱు, అది ప్రసవవేదనలో నున్న దానికి సమయమున కందుట వేఱు. సిరిసంపదలకు లోటులేని యింట పనిచేయు స్త్రీకే ఆ గతి పట్టినచో, నల్లమల యంచున గూడెములలో, తుంగభద్ర లంకలలో, బండి తప్ప మఱియొక వాహన మెఱుగని పల్లెలలో నుండు గర్భిణుల మాట చెప్పనేల? 1946లో భోర్ సంఘము సమర్పించిన నివేదిక ననుసరించి, నాడు మనదేశమున ప్రతి వేయి కాన్పులకు సుమా రిరువదిమంది తల్లులు మరణించుచుండిరి. ఏట రెండు లక్షల తల్లులు! 1937 లెక్కలలో వేయిమంది శిశువులు పుట్టినచో 162 మంది యేడాదియైన నిండకుండ జనిపోవుచుండిరి. రఫతున్నీసా మరణ మా లెక్కలో నొక యంకె. అంకెకు ముఖ మెవరైన జూచినపుడే ఆసుపత్రి పుట్టును.

ఆసుపత్రి వెలసిన కాలమును గూడ గుర్తింపవలెను. 1948 సెప్టెంబరున హైదరాబాదు భారతదేశమున జేరినది. 1953 అక్టోబరు 1వ తేదీన మా కర్నూలు ఆంధ్రరాష్ట్రమునకు రాజధాని యయ్యెను. డేరాలలో కచేరీలు నడచిన దినము లవి. 1956లో రాజధాని హైదరాబాదునకు మఱలెను. 1800లో నిజాము దత్తమండలములను కుంపినీవారి కిచ్చివేసినది మొదలు మనకు పరరాజ్యముగా నుండిన నగరము ఈ విధముగా మన నగర మయ్యెను. అటుపిమ్మట, 2014లో రాష్ట్రములు మరల వేఱైనవి. నందికొట్కూరు 2022లో నంద్యాల జిల్లాలో జేరినది. సరిహద్దు లెన్నిసారులు జరిగినను, రోగియైన బిడ్డను భుజమున వైచుకొని నడచు తల్లికి దారి యొక్కటియే. సరిహద్దుచే జీవితము చీలిపోయిన స్త్రీ పేరున, సరిహద్దు లడుగని యొక గృహ మేర్పడుట సముచితమే.

తరువాతి జీవితమును క్లుప్తముగా జెప్పెదము. 1963లో ఆమె ఎడ్వర్డు పోప్ అను నమెరికనును పరిణయమాడి పారిసున నివసించెను. 1989 జూన్ 12వ తేదీన నచ్చటనే గతించెను. పారిసు వెలుపల బొబిఞీ యను చోట ముస్లిముల శ్మశానమున, తల్లి సమాధి యున్న చోటనే ఆమెను ఖననము చేసిరి. ఖలీఫా అబ్దుల్ మజీదు 1944లో పారిసుననే మరణింపగా, స్వదేశము ఆయనకు ఆఱడుగుల నేల యీయనందున, పదేండ్లకు మదీనాలో ఖననము జరిగెను. యుద్ధము వెడలగొట్టిన వారికి చావు సైతము పరదేశముననే!

ఈ చరిత్రమునుండి మేము గ్రహించినది చెప్పి ముగింతుము. నీలోఫరు బాల్యమున గోల్పోయినవాటిని లెక్కించినచో తండ్రి, ఇల్లు, దేశము. యౌవనమున గోల్పోయినది సంతానాశ, దాంపత్యము. ఇన్ని కోల్పోయినవా రిరువిధముల నగుదురు. కొందఱు తమ దుఃఖమునకే కాపలా కాచుచు లోకమును మఱతురు. కొందఱికి తమ గాయము పరుల గాయమును జూచు కన్నగును. నీలోఫరు రెండవ కోవకు జెందినది. ఆమె దానము చేసినది తన సొమ్ము కాదనువారు గలరు. నిజమే, సొమ్ము నిజామునది, అనగా ప్రజలది. కాని సొమ్మున్న వారెందఱో యా నగరమున నుండిరి. దాది చావును తన యింటి చావుగా నెంచిన వారు లేకపోయిరి.

మఱియొక మాట. ఆసుపత్రికి రాచకోడలి పేరు నిలిచినది. రఫతున్నీసా పేరు గోడలపై లేదు, మన నాలుకలపై లేదు. ఆమె చరిత్రము మన కొక్క వాక్యమునకు మించి లభింపదు. అయినను ఆ యొక్క వాక్యమే లేకున్న నాసుపత్రియే లేదు. మన యిండ్లలో అంట్లు తోమి, నీరు మోసి, మన బిడ్డల నెత్తుకొని పెంచు స్త్రీల పేళ్లు మన కెంతమందికి దెలియును? ఆమె గర్భవతియైనపుడు ఏ మాసమో, ఏ వైద్యురాలు చూచుచున్నదో, కాన్పునకు బోవుటకు బండి గలదో లేదో యెన్నడైన నడిగితిమా? 2018–20 నాటి లెక్కలలో లక్ష కాన్పులకు మృతులగు తల్లులు ఆంధ్రప్రదేశమున 45, తెలంగాణమున 43, దేశమున 97. వేయికి ఇరువదినుండి లక్షకు నలువదియైదు వఱకు వచ్చితిమి. ఇది గొప్ప విజయమే, సందేహము లేదు. కాని మిగిలిన యా నలువదియైదుగు రెవరు? ధనికుల కోడండ్రు కారు. దూరపు పల్లెలలోని వారు, ఎవరి యింటనో పనికి బోవువారు, పేరు పిలువబడనివారు. రాచగృహమున జరిగినదే మన గృహములలోను జరుగవచ్చును.

గృహిణులు తమ యింట పనిచేయు స్త్రీకి ఆఱవ మాసమున పని తగ్గించి, జీతము తగ్గింపకుండుట. తోడుగా నాసుపత్రికి బోయి పేరు వ్రాయించుట. బిడ్డకు టీకాలు వేయు దినమును గుర్తుచేయుట. ఈ మూడింటికిని రాజభాండారము అక్కఱలేదు. ఇట్లు చేయు ప్రతి యిల్లును ఒక చిన్న నీలోఫరు ఆసుపత్రియే యగును. అందు రఫతున్నీసా పేరును నిలుచును.